ఫ్యూజు నా పిడికిట్లోనే ఉంది

నవంబరు, రెండో మంగళవారం. రాత్రి ఎనిమిదీ నలభై. అప్పుడు మొదలైంది.

ముసలిదాని కాలు వణికింది అన్నవాళ్లున్నారు. నిద్రమత్తు అన్నవాళ్లున్నారు. అననివ్వండి. నాకు అరవై తొమ్మిదేళ్లు. సిరిసిల్లలో ఒక మరమగ్గాల కార్ఖానాలో ముప్పై ఏళ్లు లెక్కలు రాశాను. ఒక్క మీటరు గుడ్డ ఎక్కువ రాయలేదు, తక్కువ రాయలేదు. ఆ రాత్రినీ అలాగే చెబుతాను. నమ్మమని ఎవరినీ అడగను. మధ్యలో నవ్వితే మాత్రం ఆపేస్తాను.

ఇప్పుడు నేనుండేది కోరుట్లలో, మా చెల్లెలు లచ్చవ్వ దగ్గర. దాని కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, మామూలుగా జగిత్యాలలో. తీసుకెళ్లేది నేనే, దాని కొడుకు కారులో. వాడు మస్కట్‌లో ఉంటాడు. నేను కారు నడపడం మానేస్తే లచ్చవ్వ బస్సులో నిలబడి రావాలి. డయాలసిస్ అయ్యాక అది పది నిమిషాలు కూడా నిలబడలేదు.

కారు పాతది, కానీ ఏబీఎస్ ఉన్నది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుని జారకుండా, లోపలి యంత్రం బ్రేకును పట్టి వదిలి, పట్టి వదిలి చేస్తుంది. అప్పుడు పెడలు కాలి కింద టకటకా కొడుతుంది. అది నాకు కొత్త కాదు. కార్ఖానా కారును తొమ్మిదేళ్లు నడిపాను.

మా వైపు గల్ఫ్ పోయినవాళ్ల కార్లన్నీ ఒకే తీరుగా బతుకుతాయి. మనిషి సెలవు మీద వస్తే తిరుగుతాయి. మిగతా కాలమంతా కవరు కింద. బ్యాటరీ చావకుండా ఆదివారం ఆదివారం ఇంజను తిప్పుతారు. చక్రం మాత్రం గజం కూడా కదలదు. నేను కోరుట్లకు వచ్చేదాకా మా తమ్ముడు లింగయ్య ఈ కారును ఏడాదిన్నర అలాగే చూసుకున్నాడు. తానే కాపాడానని ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

ఆ వారం జగిత్యాలలో బెడ్డు ఖాళీ లేదు. సిరిసిల్ల వెళ్లమన్నారు. సాయంత్రం షిఫ్టు. అయ్యేసరికి ఎనిమిది దాటింది. బయలుదేరుతుంటే లింగయ్య ఫోను.

"అక్కా, రాత్రి పూట నడపకు. ఆడనే పండుండ్రి."

"యాడ పండాలె రా? మీ అత్తగారింట్లనా?"

"నవ్వులాట కాదు. ఏమన్న అయితే తాళంచెవి నా చేతుల పెట్టాలె. మల్ల నువ్వు కారు ముట్టద్దు."

"అయినప్పుడు చూద్దాం తియ్."

వేములవాడలో ట్రాక్టరు అడ్డం వచ్చింది. బ్రేకు మీద కాలు పెట్టి ఆగాను. కాలు కదపలేదు... పెడలు దిగుతోంది. మెల్లగా. తడి మట్టిలో అడుగు దిగినట్టు. రెండుసార్లు తొక్కాను. మళ్లీ పైకొచ్చింది. గట్టిగానే ఉంది.

"ఏమైందే అక్కా?"

"ఏం కాలే. కండ్లు మూసుకో."

అక్కడే ఆపాల్సింది అంటారు. వెనక సీటులో చెల్లెలు చలికి ముడుచుకుని ఉంది. దాన్ని ఏ అరుగు మీద పడుకోబెట్టను? ముప్పై వేగం దాటకుండా పోనిచ్చాను.

కథలాపూర్ ఇంకా రాలేదు. ఒక దిగుడు. కింద కల్వర్టు. తొమ్మిదీ యాభై. రోడ్డు పొడిగా ఉంది. వాన లేదు, ఇసుక లేదు. ఆగబోతున్నంత నెమ్మదిగా ఉన్నాం... అప్పుడు పెడలు కొట్టింది. టక్... టక్... టక్... నా అరికాలిని వెనక్కి తంతోంది. కారు ఆగడం లేదు. కల్వర్టు గోడ తెల్లగా ముందుకొస్తోంది. హ్యాండ్ బ్రేక్ లాగాను. ఆగింది. గోడకు జానెడు దూరం.

భయం వేయలేదా అంటే వేసింది. దానికంటే కోపం ఎక్కువ వచ్చింది.

ఇంజను ఆపాను. తాళంచెవి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. లింగయ్యకు ఫోన్ చేసి రమ్మన్నాను. వాడొచ్చేలోపు రోగం ఏమిటో తేల్చుకోవాలి. లేకపోతే వాడు నా కాలిదే తప్పంటాడు.

బానెట్ ఎత్తాను. ఫోను వెలుగులో ఫ్యూజుల డబ్బా మూత తెరిచి, ఏబీఎస్ ఫ్యూజు పీకాను. అది లేకపోతే ఆ యంత్రానికి కరెంటు లేదు. కరెంటు లేకపోతే పెడలు కొట్టదు. ఫ్యూజు ఎడమ పిడికిట్లో పెట్టుకుని వచ్చి కూర్చున్నాను. అరికాలికి సరిగ్గా తెలియాలని కుడి కాలి చెప్పు బయట విడిచాను. ఇంజను ఆపిన కారులో పెడలు నాలుగైదుసార్లు తొక్కితే రాయిలా అవుతుంది. అయింది. అదిమి పట్టాను. లోపల లీకు ఉంటే మెల్లగా దిగాలి.

దిగింది. వేలెడు మందం... ఆగింది.

చుట్టూ చప్పుడు లేదు. ఇంజను చల్లబడుతూ ఎక్కడో చిటుక్కుమంది. తర్వాత అదీ లేదు.

అప్పుడు... పెడలు లేచింది.

దిగడం కాదు. లేచింది. నా కాలిని మోస్తూ. ఆగింది. మళ్లీ లేచింది. ఆగింది. టకటక కాదు. తీరిగ్గా... కింద ఏదో ఊపిరి తీసుకుంటున్నట్టు. ఫ్యూజు నా పిడికిట్లోనే ఉంది. దాని అంచులు అరచేతికి గుచ్చుకుంటున్నాయి.

నా కాలే కొట్టుకుంటోందా? అది తేలాలి కదా.

"లచ్చవ్వా, దిగి ఇటు రా. ఈ పెడలు మీద చెయ్యి పెట్టు."

"నాకెందుకే..."

"పెట్టు అంటున్న కదా."

అది దిగింది. నా వైపు తలుపు కుడి చేత్తో పట్టుకుని నేల మీద కూర్చుంది. కట్టు కట్టిన ఎడమ చేత్తో పెడలు నొక్కింది. నేను కాలు తీసేశాను. ఇప్పుడు పెడలు మీద నా ఒళ్లు ఎక్కడా లేదు.

లచ్చవ్వ చేతిని ఇంకాస్త అదిమింది.

"అక్కా... గిది నా చెయ్యి లెక్కనే కొట్టుకుంటుందే."

డయాలసిస్ వాళ్లకు చేతిలో రెండు నరాలు కలిపి కుట్టేస్తారు. అక్కడ అరచెయ్యి ఆనిస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు, లేస్తూ తగ్గుతూ అదురుతుంది. ఆ అదురు ఉన్నంతకాలమే ఆ చెయ్యి డయాలసిస్‌కు పనికొస్తుంది. లచ్చవ్వకు దాన్ని తడిమి చూసుకోందే నిద్ర రాదు.

"అదీ ఇదీ ఒక్కతీరుగున్నయే. ఏది నాదో తెలుస్తలేదు..."

దాని గొంతు నాకు నచ్చలేదు. జోకొడుతుంటే మత్తులోకి పోతున్న పిల్లలా ఉంది.

దాని చెయ్యి లాగేశాను. పెడలు మీద నా ఉత్త కాలు పెట్టి తొక్కాను.

"నువ్వు ఎవ్వలైనా సరే. మేం ఇంటికి పోవాలె. ఇగ చాలు. బంద్ చెయ్!"

పెడలు అడుగుదాకా పోయింది. నేలకు తాకింది. అంతే. బంద్ అయింది.

లింగయ్య పది ముప్పావుకు ఆటోలో వచ్చాడు. చెప్పిందంతా విన్నాడు.

"నీ కాలు వణికిందే అక్కా."

"చెల్లెను అడుగు."

లచ్చవ్వ ఆటోలో అప్పటికే నిద్రపోయింది.

మరునాడు కారును తాడు కట్టి కోరుట్లకు లాక్కొచ్చారు. మెకానిక్ ఖాజా మూడు గంటలు చూశాడు. బ్రేకు నూనెను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండరులో రబ్బరు తెగింది, అందుకే పెడలు దిగింది. ఎడమ ముందు చక్రం దగ్గర, దాని వేగం లెక్కపెట్టే పళ్ల రింగు తుప్పు పట్టి పగిలింది. అది తప్పుడు లెక్క పంపితే, చక్రం జారుతోందనుకుని ఏబీఎస్ కొట్టింది.

"ఇంజన్ తిప్పితే సరిపోదు పెద్దమ్మా. చక్రం తిరగాలె. ఉత్తగ నిలబెడితే బ్రేకు నూనెల నీళ్లు దిగుతయి" అన్నాడు. లింగయ్య గోడ వైపు చూశాడు.

"ఫ్యూజు పీకినంక ఎందుకు లేచింది?"

"లేవదు."

"లేచింది."

ఖాజా చేతులు తుడుచుకున్నాడు. "లేవరాదు పెద్దమ్మా. లేపెటోడే లేడు ఆడ."

ఇదంతా మధ్యాహ్నం. ఆ పొద్దున్నే ఇంకొకటి జరిగింది. లచ్చవ్వ లేచి, చెయ్యి తడిమి చూసుకుంది. నన్ను పిలవలేదు. నేను టీ తీసుకెళ్లేసరికి అరచెయ్యి అక్కడే ఆనించి కూర్చుని ఉంది.

"బంద్ అయిందే" అంది.

జగిత్యాలలో డాక్టరు చూశాడు. గడ్డకట్టిందన్నాడు. డయాలసిస్ అయ్యాక బీపీ పడిపోయినా అవుతుందట, కట్టు బిగుతైనా అవుతుందట, ఆ చేతి మీద బరువు వేసినా అవుతుందట. మూడు కారణాలు చెప్పాడు. ఏది అని అడిగితే ఏదైనా కావచ్చన్నాడు. అప్పటికి డయాలసిస్ కోసం మెడలో గొట్టం వేశారు.

లింగయ్య వారం తర్వాత వచ్చాడు. "కారు అమ్ముదాం అక్కా. అండ్ల ఏదో ఉన్నది. తాళంచెవి ఇయ్యి."

"మొన్న నా కాలు వణికిందంటివి. ఇయ్యాల అండ్ల ఏదో ఉన్నదంటున్నవ్. రెండిట్ల ఒకటి చెప్పు. రెండూ అంటే నేనొప్పుకోను."

వాడు చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు. లచ్చవ్వను ఇప్పటికీ నేనే తీసుకెళ్తున్నాను, అదే కారులో, అదే సీటులో. ప్రతి సిగ్నలు దగ్గరా పెడలు అదిమి పట్టి చూస్తాను. గట్టిగా ఉంది. దిగదు, లేవదు.

ఆ రాత్రి నేను దేన్ని బంద్ చెయ్యమన్నానో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. మళ్లీ లేస్తే మళ్లీ తొక్కుతాను.

పోయినవి రాసుకున్నాను. బ్రేకు మాస్టర్ సిలిండరు, ఒకటి. చక్రం పళ్ల రింగు, ఒకటి. కల్వర్టు దగ్గర మరచిన నా కుడి కాలి చెప్పు, ఒకటి. లచ్చవ్వ ఎడమ చెయ్యి, రెండేళ్ల నాలుగు నెలలు పనిచేసింది.