బొగత హోరుల అమ్మ మాటలు

మా అమ్మ కొత్తవాడల పవర్‌లూమ్ షెడ్డుల పనిచేసింది. పెండ్లయిన కొత్తల మొదలువెడితే మోకాళ్లు మొరాయించేదాక అదే పని. షెడ్డు ఇడిసిపెట్టేనాటికి మగ్గాల మోతకు చెవులు దాదాపు పోయినయి. దవాఖానల ఇచ్చిన మిషిన్ పెట్టుకుంటే గిన్నెల మోత తప్ప మనిషి మాట వినవడ్తలేదని దాన్ని తీసి డబ్బీల పెట్టింది. మేం నలుగురం కూసుంటే వచ్చి జరసేపు మా మొకాల దిక్కు చూసేది. అందరం ఒక్కసారే మాట్లాడుతాంటే ఎవలేమంటాండ్రో అందక, లేసి లోపలికి పోయేది.

పోయిన వానకాలం ఆమె ఎవరి ఫోన్లనో బొగత జలపాతం చూసింది. "నన్నొకపారి అక్కడికి తోల్కపోండ్రి బిడ్డా" అన్నది. ఇది కావాలె అని అమ్మ నోరు తెరిచి అడగంగ నేను ఎన్నడు వినలేదు. మా ఆయన దోస్తు కారు అడిగి తెచ్చిండు. షెడ్డుల పక్క మగ్గం మీద పనిచేసిన చిన్నమ్మను గూడ అమ్మ రమ్మన్నది. సొంత చెల్లె కాదు గని, నాకు ఊహ తెలిసినప్పటి సంది చిన్నమ్మనే.

పొద్దుగాల బయలెల్లి, గట్టమ్మ గుడి కాడ కొబ్బరికాయ కొట్టి, ములుగు దాటినం. తాడ్వాయి వచ్చేసరికి అడివి రెండు దిక్కుల మీదికి వంగింది. టేకుచెట్లు పూత మీదున్నయి, కొమ్మల చివర్లకు నురగ పట్టినట్టు. చెట్ల నడుమకు మబ్బు దిగింది. అద్దాలు దించితే తడిసిన ఆకు వాసన కారు నిండ నిండింది. అమ్మ చెయ్యి బయటికి పెట్టి, ఏటూరునాగారం దాక లోపలికి తీసుకోలేదు.

గోదావరి బ్రిడ్జి మీద మా ఆయన కారు మెల్లగ చేసిండు. ఎర్రటి నీళ్లు, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెల్వకుంట. ఒక పెద్ద మాను వేర్లతో సహా కొట్టుకపోతాంది, పుల్లముక్క తీర్గ.

బొగత కాడ కారు దిగి నడుస్తాంటే మాకు దూరంకెల్లి హోరు వినవడ్డది. అమ్మకు వినవడదు కద అనుకున్న. నాలుగు అడుగులు వేసి ఆమె ఆగింది. "కాళ్ల కింద ఏందో ఒణుకుతాంది" అన్నది. నేను నిలవడి చూసిన గని నా కాళ్లకు ఏం తెలువలేదు.

మలుపు తిరిగినంక కనవడ్డది. ఎదురుంగున్న బండంత వెడల్పు నీళ్లే. పైన మట్టి రంగు, మధ్యల పాలు, కింద పొగ. ఆ పొగ లేసి వచ్చి మా మొకాలను తడిపింది. నేను ఇంకింత ముందుకు జరిగిన. మనుషులు పుట్టకముందు సంది ఇది గిట్లనే పడ్తాంది కావచ్చు అనిపించింది. మా ఆయన నాతోని ఏందో అంటాండు, నోరు ఆడుతాంది గని ముక్క అర్థమైతలేదు. సుట్టూ జనం చెవుల్ల నోరు పెట్టి అరుసుకుంటాండ్రు.

పక్కకు చూస్తే అమ్మ, చిన్నమ్మ ఎదురెదురుగ నిలవడి ముచ్చట పెడ్తాండ్రు. గొంతులు లేవు. పెదవులు, కనుబొమ్మలు, వేళ్లు, అంతే. ఒకామె చెప్పుడు కాకముందే ఇంకొకామె నవ్వుతాంది. షెడ్డుల మగ్గాలన్ని ఆడుతాంటే మాట వినవడక, వాళ్లు ఇన్నేండ్లు గిట్లనే మాట్లాడుకున్నరన్నమాట. ఆ ముచ్చట నాకు అప్పుడే తెలిసింది.

అంతల అమ్మ మా ఆయన మొకం దిక్కు చూసి, గబుక్కున నా రెక్క పట్టి వెనుకకు గుంజింది. వేలుతోని నా కాళ్ల ముందున్న బండను చూపిచ్చింది. పచ్చగ నాచు. ఆయన అప్పటిసంది మొత్తుకునేది అదేనట.

తర్వాత ఇద్దరు మళ్ల నీళ్ల దిక్కు తిరిగిండ్రు. అమ్మ అంచుకు అడ్డంగ పెట్టిన ఇనుప కమ్మీల మీద అరచేయి ఆనిచ్చి చాన సేపు అట్లనే ఉన్నది. పెదవులు కదిలినయి. చిన్నమ్మ నా చెవికి నోరానిచ్చి అరిసి చెప్పింది: "షెడ్డుల మోటర్ బంద్ చేస్తే అన్ని ఆగుతుండె. దీన్ని బంద్ చేసేటోడే లేడు గద అంటాంది."

నేను గూడ ఆ ఇనుము మీద చెయ్యి పెట్టిన. వణుకు మోచేతిదాక ఎక్కింది. ఈసారి నాకు గూడ తెలిసింది.

తిరిగొచ్చేటప్పుడు కారుల, గొంతు తియ్యకుంట పెదవులతోనే ఆకలైతాందా అని అమ్మను అడిగిన. ఆమె నన్ను వింతగ చూసి, అవునని తలూపింది. అప్పటిసంది ఇంట్ల అట్లనే మాట్లాడుకుంటున్నం, ఒకరి తర్వాత ఒకరం, ఆమె ఎదురుంగ కూసోని. ఇప్పుడు లేసి లోపలికి పోతలేదు. నాకు ఇంక మంచిగ రాలేదని మాత్రం రోజు అంటది.

"పెదవులు సక్కగ తెరువు బిడ్డా, మాటను నములకు."