కాళ్ళు కడిగిన మామలు డిఫెన్సులో

ఫుట్‌బాల్ టీములో ఎవరి పని ఏమిటో చెప్పమంటే నేను రెండు గంటలు ఆపకుండా చెప్పగలను. కాలేజీ తరఫున అయిదేళ్ళు ఆడాను. ఇప్పుడు మండికల్ దగ్గర మా ఊరి హైస్కూల్లో గెస్ట్ టీచరుగా పిల్లలకు ఆటలు నేర్పుతున్నాను. అంత తెలిసినదాన్ని కూడా, ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఊరి మగవాళ్ళ టీములో పది మందిని తప్పు చోట్లలో నిలబెట్టాను. పదకొండోవాడు గోల్‌కీపరు, మా తమ్ముడు. వాడినీ తప్పుగానే నిలబెట్టానని సగం ఆట అయ్యాక తెలిసింది.

అసలు గొడవ నా పెళ్ళి భోజనాల దగ్గర మొదలైంది. మా ఆయనది చింతామణి. అక్కడ ట్రాక్టర్ సామాన్ల అంగడి ఉంది, సాయంత్రమైతే ఫుట్‌బాల్ ఆడతాడు. ఆయన టీమువాళ్ళంతా పెళ్ళికి వచ్చి, పంక్తిలో కూర్చుని, ఒబ్బట్టు మీద నెయ్యి పోయించుకుంటూ, "మీ ఊర్లో బాలంటే క్రికెట్ బాలేనా అప్పా? ఇంకోటి చూళ్ళేదా?" అని నవ్వారు. వడ్డిస్తున్న మావాళ్ళకు రోషం వచ్చింది. "ఆర్నెల్లు టైమియ్యండి. మా ఊర్లోనే ఆడదాం, రాండి" అనేశారు. నెయ్యి గిన్నె చేతిలో ఉంటే మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. ఆ ఆర్నెల్లలో వాళ్ళకు ఆట నేర్పాల్సిన మనిషిని మాత్రం అప్పటికి పీటల మీద కూర్చోబెట్టారు, ఒక్క మాట అడగలేదు.

నేనూ ఊరికే ఒప్పుకోలేదు. మా ఊరి గ్రౌండు పేరుకే స్కూలుది. పొద్దున అక్కడ రాగులు ఆరబోస్తారు, మధ్యాహ్నం పాల బండి తిరుగుతుంది, సాయంత్రం మగపిల్లలు క్రికెట్ ఆడతారు. నా దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకుంటామని వచ్చిన ఆడపిల్లలు పంతొమ్మిది మంది. వాళ్ళు ఆడేది రెండు క్లాసుల మధ్య ఉన్న వరండాలో. ఆ వరండాలో ఎవరు ఎటు తన్నినా బంతి హెడ్‌మాస్టర్ పూలకుండీలకే తగిలేది. గ్రౌండుకు స్థలమిచ్చింది ఊరి పాల డైరీ అధ్యక్షుడి తండ్రి కాబట్టి, గేటు తాళంచెవి ఈనాటికీ అధ్యక్షుడి మొలతాడుకే వేలాడుతుంటుంది. ఆయన దగ్గరికి పోయి, టీముకు నేర్పుతాను గానీ సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా గ్రౌండు నా పిల్లలకివ్వాలని అడిగాను.

"చింతామణోల్లని ఓడించు. లేదా సమానమన్నా చెయ్యి" అన్నాడాయన. "ఆ గంట నీ ఆడపిల్లోల్లదే. ఓడిపోతే మాత్రం ఇంక ఆ మాట ఎత్తగూడదు పాపా."

సరేనన్నాను. అప్పటికి మా టీము ఆడగా నేను చూడలేదు.

మా ఇంటి అరుగు మీద టమాటాలు పేర్చి పాఠం మొదలుపెట్టాను. వెనక నాలుగు, మధ్యలో నాలుగు, ముందు రెండు. గోల్ దగ్గర ఒక ఉల్లిగడ్డ. వెనక నలుగురి పని అవతలివాడిని దాటనివ్వకపోవడం. మధ్యవాళ్ళు వెనక నుంచి బంతి అందుకుని ముందుకు అందించాలి, అందుకే అందరికన్నా ఎక్కువ పరిగెత్తేది వాళ్ళే. ముందున్న ఇద్దరు ఫార్వర్డ్‌లు, గోల్ కొట్టాలి. చెప్పింది అందరూ బుద్ధిగా విన్నారు. వినేసి, "ఆ ఇద్దరే ఎప్పుడూ కొట్టేదా? బోరు నీళ్ళ మాదిరి వంతులేసుకుందాం. మనిషికి పది నిమిషాలు" అన్నారు. వంతు లేకుండా ఏదైనా ఒకరికే దక్కుతుందంటే మా ఊళ్ళో ఎవరికీ మనసొప్పదు. గొంతు పోయేలా అరిస్తే గానీ ఆ మాట మానలేదు.

డిఫెన్సులో నడుమ నిలబడడానికి మా చిన్నాయనలిద్దరినీ ఎంచుకున్నాను. నాయనకు తమ్ముళ్ళు, నలభై దాటినా రాయిలా ఉంటారు. ఇద్దరికీ పక్కపక్కనే పొలాలు, మధ్యలో గట్టు, ఆ గట్టు మీద పదేళ్ళ తగవు. మొదటి రోజే బంతి వచ్చి సరిగ్గా ఇద్దరి మధ్యా పడింది. ఇద్దరూ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నారు.

"నీ చేన్లో పడ్నాది, నువ్వే తియ్యి" అన్నాడు ఇద్దరిలో పెద్దాయన.

"గట్టుకి ఆ పక్కుండాది. నాకేమిటికి?" అన్నాడు చిన్నాయన.

ఇద్దరి మధ్య నుంచి మా తమ్ముడు ఈల వేసుకుంటూ పోయి బంతిని మా గోల్లోకే తన్నాడు. వాడు మా గోల్‌కీపరు.

ఇలాంటివన్నీ ఆరునెలల్లో ఒక దారికి తెచ్చాను. ఆ ఆదివారం చింతామణి టీము టెంపోలో దిగేటప్పటికి మా వాళ్ళు నిజంగా టీములాగే ఉన్నారు. అధ్యక్షుడు గీత పక్కన కుర్చీ వేసుకున్నాడు. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన రెఫరీ కొత్త రూల్స్ అన్నీ వచ్చినవాడు, అడగకపోయినా చెప్పేవాడు. నా పంతొమ్మిది మందీ గోడ ఎక్కి కూర్చున్నారు. చింతామణి ఫార్వర్డు మా ఆయన.

ఆట మొదలైన అయిదో నిమిషంలో మా ఆయన బంతితో వచ్చాడు. ఎదురుగా పెద్ద చిన్నాయన ఉన్నాడు. అడ్డుకుంటాడనుకున్నాను. ఆయన రెండడుగులు పక్కకు జరిగి, చేత్తో దారి చూపించి, "రా అప్పా" అన్నాడు. మా ఆయన గోల్ కొట్టాడు. రెండోసారి చిన్నవాడు జరిగాడు. మూడోసారి ఇద్దరూ జరిగారు, పైగా మధ్యలో ఉన్న మా కుర్రవాడొకడు కాలు అడ్డం పెట్టబోతే వాడి భుజం పట్టుకుని ఆపారు. సగం ఆటకు మూడు గోల్స్, మాకు సున్నా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎందుకు వదిలేస్తున్నారు? మీ పనే అడ్డం పోవడం కదా?" అని అందరి ముందూ కేకలేశాను.

పెద్ద చిన్నాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. బుద్ధిలేని పిల్లను చూసినట్టు చూశాడు. "మీ నాయన అల్లుని కాళ్ళు కడుగుతాంటే నీళ్ళు పోసినోల్లం మేము. ఇంకా ఆర్నెల్లే అయినాది. ఆ కాళ్ళనే తన్నమంటావేమ్మా?"

తప్పు వాళ్ళది కాదు. బలం చూశాను, బరువు చూశాను, ఎవరు ఎంత దూరం పరిగెత్తగలరో చూశాను. ఎవరు మా ఆయనకు ఏమవుతారో చూడలేదు. మామలను తీసుకుపోయి అల్లుడికి కాపలా పెట్టాను.

అంతలో మా ఆయనే నీళ్ళ సీసాతో నా దగ్గరికి వచ్చాడు. మూడు గోల్స్ కొట్టినవాడి మొహంలా లేదు. "ఏమి ఇది? ఒక్కరూ అడ్డం రాలేదు. గోల్ కొట్టినట్టే లేదు నాకి. కూర్చోబెట్టి వడ్డించినట్టుండాది" అన్నాడు. ఆయన కష్టం ఆయనది. గోడ మీద నా పిల్లలు అప్పటికే సంచులు భుజాన వేసుకుంటున్నారు, ఇంటికి పోవడానికి.

టీమును తిరగేశాను. అల్లుడిని ఏడిపించే హక్కు ఊరి మొత్తంలో ఎవరికుంది? బామ్మర్దికి. ఆ హక్కు వాడికి పుట్టుకతో వస్తుంది, రెఫరీ కూడా తీసెయ్యలేడు. మా తమ్ముడిని గోల్ దగ్గర నుంచి లాక్కొచ్చి మా ఆయన వెనక నిలబెట్టాను. వాడి పక్కన వరసకు తమ్ముళ్ళయ్యే మరో ముగ్గురిని పెట్టాను. శిడ్లఘట్టలో పట్టుదారం తీసే రీలింగ్ పనికి పోయే కుర్రవాళ్ళిద్దరు మధ్యలోనే ఉన్నారు. చిన్నాయనలిద్దరినీ ముందుకు, ఫార్వర్డ్‌లుగా పంపాను. చింతామణి డిఫెన్సువాళ్ళు వీళ్ళకు ఏమీ కారు, వాళ్ళ కాళ్ళు ఎవరూ కడగలేదు.

గోల్ మాత్రం ఖాళీగా ఉంది. మా వాళ్ళలో ఒకడు ఆవు ఈనేటట్టుందని ఫోనొస్తే వెళ్ళిపోయాడు, అదనపు మనిషి లేడు. చూడడానికి వచ్చి గోల్ స్తంభానికి ఆనుకుని నిలబడిన నాయన చేతికి గ్లవ్స్ ఇచ్చాను. నాయన మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి. పంచె ఎగ్గట్టి, గ్లవ్స్ తొడుక్కుని, "ఏమి చెయ్యల్ల?" అని మాత్రం అడిగాడు. "కాపాడాల నాయనా, అంతే" అన్నాను. చింతామణివాళ్ళు నవ్వుకుంటూ ఒప్పుకున్నారు.

రెండో సగంలో మా తమ్ముడు మా ఆయనను నీడలా పట్టుకున్నాడు. చొక్కా లాగాడు, అడ్డం దూరాడు, కాళ్ళ మధ్య నుంచి బంతి లాగేశాడు. అన్నిటికన్నా ఎక్కువగా మాట్లాడాడు. "బావా, అక్క చెప్పినాది, నువ్వు గురక పెడ్తావంట గదా? ట్రాక్టర్ మాదిరంట?" మా ఆయన నడి గ్రౌండులో ఆగిపోయి నా వైపు చూశాడు. బంతి ఎప్పుడో పోయింది. ఆ చూపుకు ఇంట్లో వారం రోజులు జవాబు చెప్పుకున్నాను.

ముందు చిన్నాయనల సంగతి ఇంకా వింత. గోల్ ముందర బంతి పడితే "నాది" అంటే "నాది" అని ఇద్దరూ ఎగబడ్డారు. ఒకరిని చూసి ఒకరు పరిగెత్తారు. పెద్దాయన ఒకటి కొట్టాడు. అది ఓర్చుకోలేక చిన్నాయన ఒకటి కొట్టాడు. మూడోది కార్నర్ నుంచి వచ్చి పెద్దాయన పొట్టకు తగిలి లోపలికి పోయింది. పొట్ట లెక్కలోకి రాదని చిన్నాయన ఇప్పటికీ వాదిస్తాడు. మూడు, మూడు. గోడ మీద పిల్లలు సంచులు కింద పారేశారు.

ఇంకా నాలుగు నిమిషాలుందనగా మా ఆయన ఎలాగో తమ్ముడిని తప్పించుకుని ఒక్కడే గోల్ మీదికి వచ్చాడు. ఎదురుగా నాయన, చేతులు చాచి. అల్లుడి కాలు పైకి లేచింది. మామ మొహం కనపడింది. కాలు ఆగింది. ఆ ఆగిన క్షణంలో నాయన వంగి, కోడిపెట్టను పట్టుకున్నట్టు రెండు చేతులా బంతిని పట్టుకున్నాడు.

నేను ఎగిరి గంతేశాను. అధ్యక్షుడు మాత్రం కుర్చీలోంచి లేచాడు. "ఇది చెల్లదు! అల్లుడు మామకని ఇడిసిపెట్నాడు. సమానమైనా నేను లెక్క పెట్టను. గ్రౌండు ఇచ్చేది లేదు" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్నట్టుంటుంది ఆయన వ్యవహారం, ఎప్పుడూ అంతే.

నాయన బంతి వదల్లేదు. పొట్టకు ఆనించుకుని అక్కడే నిలబడి, "ఏమప్పా, ఆడపిల్లోల్లకి గ్రౌండు ఇస్తావా లేదా? అది చెప్పు" అన్నాడు.

"ముందు బాలు ఇడువు అన్నా!"

"నువ్వు చెప్పు. ఇడుస్తా."

కీపరు ఎనిమిది సెకన్లకు మించి బంతి పట్టుకుంటే అవతలివాళ్ళకు కార్నర్. రెఫరీకి ఎంతో ఇష్టమైన కొత్త రూలు. ఆయన చెయ్యెత్తి, చివరి అయిదు సెకన్లకు అయిదు వేళ్ళు చూపించి ఒక్కొక్కటే ముడుస్తున్నాడు. "నాయనా, వదిలెయ్! కార్నర్ ఇస్తారు!" అని నేను అరుస్తున్నాను. నాయన ఆ వేళ్ళ వైపు చూసి, "చూడు, ఆ సారు గూడా అయిదు గంటలకే అంటాండాడు" అన్నాడు.

రెఫరీ ఈల వేశాడు, కార్నర్ చూపించాడు. అయినా నాయన బంతి వదల్లేదు. రెఫరీ ఈల ఊదుతూనే ఉన్నాడు. పాల క్యాన్లతో వచ్చి డైరీ తెరవడం కోసం నిలబడిన ఆడవాళ్ళు అందుకున్నారు: "చెప్పేయప్పా! పాలు ఇరిగిపోతాండాయి! పిల్లోల్లు ఆడుకుంటే నీదేమి పోతాది?" వాళ్ళు అంతా కలిపి నలభై మంది ఉంటారు. డైరీ ఎన్నికల్లో ఓటేసేది కూడా వాళ్ళే.

"ఇస్తాలే! గెలిచినా ఇస్తా, ఓడినా ఇస్తా! ఆ బాలు ఇడువు సామీ!" అన్నాడు అధ్యక్షుడు.

నాయన బంతిని మెల్లగా కింద పెట్టాడు. చింతామణివాళ్ళు కార్నర్ కొట్టారు. మా ఆయన పైకెగిరి తలతో గోల్లోకి కొట్టాడు. కాలితో అయితే మామ మీదికి కొట్టలేనని, తలకు ఆ దోషం లేదని, తర్వాత ఇంట్లో చెప్పాడు. మూడు, నాలుగు. ఓడిపోయాం.

నేను నాయన మీదికి పరిగెత్తుకుపోయాను. గ్రౌండు దక్కినా నాలో ఆటగత్తె చావలేదు. "ఇంకో రెండు నిమిషాలు నాయనా! ఆ బంతి తన్నేసి ఉంటే సమానమయ్యేది!" అన్నాను.

నాయన గ్లవ్స్ ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టాడు. "నాకుండేది రెండు చేతులే గదమ్మా. ఒకటే పట్టుకోను కుదిర్నాది" అన్నాడు. నాకు కోపం, ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. ఆయన్ని గట్టిగా పట్టుకున్నాను. పెళ్ళిలో అప్పగింతలప్పుడు కూడా అట్లా పట్టుకోలేదు.

సోమవారం అయిదింటికి అధ్యక్షుడే వచ్చి, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, నా మొహం చూడకుండా గేటు తీశాడు. పంతొమ్మిది మందీ గేటు బయట ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. ముందున్న పిల్ల భయం భయంగా అడిగింది: "మేడమ్, నేను యాడ నిల్చుకోవల్ల?"

ఆరునెలలు నాలిక మీద ఉన్న జవాబే. వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు. చెప్పబోయి గ్రౌండు వైపు చూశాను. రాగులు ఎత్తేశారు, పాల బండి లేదు, క్రికెట్ లేదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ.

పొజిషన్లు మంగళవారం చెప్పుకోవచ్చులే అనుకుని, ఆ గంటంతా వాళ్ళను ఊరికే పరిగెత్తనిచ్చాను.