గడప ముందు దులిపిన చెప్పులు

సువార్త చెబితే జనం తిరస్కరించారని ఈనాటి బోధకులు మైకుల్లో వాపోతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరు ఎవరిని కాదన్నారో ధర్మవరంలో నేను కళ్ళారా చూసినవాణ్ణి.

పంతొమ్మిది వందల అరవైలు మొదలైన రోజులు. పెనుకొండలో బస్సెక్కి ధర్మవరం పోయి, పట్టుచీరలు నేసే ఒకాయన ఇంట్లో కూర్చునేవాణ్ణి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తూనే ఆయన ప్రభువు కథ అడిగేవాడు.

"సచ్చినోడు లేసినాడంటావు, యాడన్నా ఉండాదా అబ్బా?" అని నవ్వేవాడు. నవ్వి, తర్వాతేమైందని మళ్ళీ తనే అడిగేవాడు. చివరికొకనాడు, "మీ పెద్దోల్లను పిల్చుకోని రా. ఇంటిల్లిపాదీ ఇంటాం" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే కదా నేను అన్నాళ్ళు తిరిగింది!

హిందూపురం నుంచి మా సంఘపెద్దను వెంటబెట్టుకుని వెళ్ళాను. మేం చేరేసరికి చీర ఒంటికి అంచు కలిపే నేత నడుస్తోంది. ఆయన ఒక పక్క, భార్య ఒక పక్క. నడుమ చెయ్యి వదిలితే పోగులు చెదిరి చీర చెడుతుంది. ఆ ఊళ్ళో పసిపిల్లలకూ తెలిసిన సంగతి.

"ఇప్పుడు లేసేకి కాదు సామీ. అట్ల కూచోండి, ఇది అయిపోనీ" అన్నాడాయన తలెత్తకుండానే.

పెద్దాయన ముఖం నల్లబడింది. "దేవుని మాట వస్తే లేవలేడా?" అంటూ గడప ముందే చెప్పులు విప్పి, రెండూ కలిపి టపటపా కొట్టాడు. మాట వినని ఇంటి దుమ్ము కాళ్ళకు లేకుండా దులిపెయ్యమని ప్రభువు శిష్యులకు చెప్పాడు కదా, కాదన్న ఇంటి దుమ్ము కూడా ఆయనకొద్దట! మన సీమలో ఒకరి గడపలో చెప్పులు కొట్టడమంటే ఆ ఇల్లు నాశనం కావాలని శపించినట్టే.

"మా ఇంట్లో ఎవురు సచ్చినారని కొడతాండావయ్యా?" అని ఆ ఇల్లాలు గొంతు చించుకుంది.

ఆదివారం ఆరాధనలో ఆ పెద్దమనిషి దీన్నే సాక్ష్యంగా చెప్పాడు, నేతగాడిది రాతి గుండె అని. నాకు ఆగలేదు. లేచి, "ఆయప్ప కూచోమన్న్యాడు! కూచోకుండా వచ్చింది నువ్వే!" అని అరిచాను.

"తిరస్కారం ఓర్చుకోవడం నేర్చుకో నాయనా" అన్నాడు నాకే, మెత్తగా. జనం ఆమేన్ అన్నారు.

మళ్ళీ ఒక్కణ్ణే ధర్మవరం పోయాను. నేతాయన కసరలేదు.

"రాబ్బా, సంగటి తిందువు. ఆ మాటొకటి మాత్రం ఈ ఇంట్లో ఎత్తాకు" అన్నాడు.

ఆయన మట్టిలో కలిసేదాకా ఆ ఇంట్లో తింటూనే ఉన్నాను, ప్రభువు పేరు ముద్దతో పాటే మింగుతూ.