తాకి వదలాల్సిన దెబ్బ

ఆత్మకూరు మార్కెట్ యార్డులో రెండో షెడ్డుకు బండలు పరిచింది ఇస్రాయేలే. నాలుగేళ్ల కిందటి మాట. ఆ వారమంతా పొద్దున్నే పక్క షెడ్డులో కుంగ్‌ఫూ నేర్చుకునేవాళ్లను చూస్తూ సిమెంటు కలిపాడు. పని అయిపోయాక క్లాసు ఆ కొత్త బండల మీదికే మారింది, మరునాడు ఇస్రాయేలు కూడా వచ్చాడు. మాస్టర్ నరేందర్‌ను పక్కకు పిలిచి, నలభై రెండేళ్లవాడికి నేర్పుతారా అని అడిగాడు.

"మోకాళ్లు మంచిగున్నయా అన్నా?" అన్నాడు నరేందర్. అతనికి అప్పటికి ముప్పై కూడా లేవు.

"కూసుంటే లేస్త సార్."

ఇస్రాయేలుది రాజోలి దగ్గర పల్లె. పదహారేళ్లకే మేస్త్రీ వెంట లారీ ఎక్కి, ఇరవై ఏళ్లు పుణె వైపు రోడ్డు పనుల్లో రాళ్లు కొట్టాడు. తాగేవాడు. భార్య సాయమ్మను కొట్టేవాడు. తర్వాత రెండూ మానేశాడు. ఈ సంగతులన్నీ చర్చిలో అతనే చెబుతాడు. ఆరాధనలో సాక్ష్యం చెప్పే సమయం రాగానే ముందు లేచేది అతనే. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. పాస్టర్ అతన్ని పక్క ఊళ్ల ప్రార్థన కూటాలకు కూడా తీసుకెళ్తాడు.

కుంగ్‌ఫూలో అడుగులు, చేతి వరుసలు అతనికి తొందరగానే పట్టుబడ్డాయి. లైట్ స్పారింగ్ మాత్రం రాలేదు. అందులో ఇద్దరు గ్లవ్స్ వేసుకుని ఎదురెదురుగా నిలబడతారు. నిజంగా కొట్లాడినట్టే కదులుతారు కానీ దెబ్బను తాకించి వదిలేయాలి. ఇస్రాయేలు చేతికి సమ్మెట పని తెలుసు. సమ్మెట దెబ్బ రాయి మీద ఆగకూడదు, లోపలికి దిగాలి. సగంలో ఆపితే రాయి పగలదు సరికదా, భుజం పట్టేస్తుంది.

"కొట్టేటప్పుడు ఊపిరి బిగబడుతున్నవ్ అన్నా," అనేవాడు నరేందర్. "ఊపిరి వదులు. భుజం జర వదులు చెయ్యి. చెయ్యి ఎంత తొందరగ పోతదో అంత తొందరగ వెనక్కి రావాలె."

ఇస్రాయేలు ఇంట్లో దూలానికి పాత క్యాలెండర్ కాగితం వేలాడదీశాడు. కాగితం ఊగాలి, చిరగకూడదు. మొదటి ఏడాది చాలా కాగితాలు చిరిగాయి. రెండో ఏడాది చిరగడం మానాయి.

ఈ ఫిబ్రవరిలో ఒక మంగళవారం అతని జోడీగా శైలజ నిలబడింది. బస్టాండు దగ్గర మెడికల్ షాపులో పనిచేసే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. ఆ ఆదివారమే వనపర్తిలో ఆమెకు బ్రౌన్ బెల్టు పరీక్ష. పాసైతే ఆడపిల్లల బ్యాచ్ ఆమెకే అప్పజెప్తానన్నాడు నరేందర్. దానికి తండ్రిని ఒప్పించడానికి ఆమెకు ఆరు నెలలు పట్టింది.

ఆ రోజు ఆమె చెయ్యి చాలా తేలిగ్గా ఆడుతోంది. మొదట నుదుటి మీద తాకించింది. తర్వాత పొట్ట మీద. మూడోసారి మళ్లీ నుదుటి మీదే.

పక్కన కూర్చుని చూస్తున్న అరవింద్, "ఏందన్నా, బొట్టు పెట్టిచ్చుకుంటున్నవా? మీ చర్చిల ఒప్పుకుంటరా?" అన్నాడు. ఫోన్లు బాగుచేసే మనిషి, నోరు ఊరుకోదు. అందరూ నవ్వారు. శైలజ కూడా నవ్వింది.

ఇస్రాయేలు కుడి చెయ్యి ఆమె ఎడమ పక్కటెముకల మీద పడింది. తాకి వెనక్కి రాలేదు. ఆమె మోకాళ్ల మీద కూలబడి, గాలి అందక నోరు తెరుచుకుని ఉండిపోయింది.

అవతలి జంటను చూస్తున్న నరేందర్ ఉరికొచ్చాడు. "ఏమైంది?"

"నేను తాకియ్యబోయిన సార్. బిడ్డనే చేతులు దించి మీదికొచ్చింది," అన్నాడు ఇస్రాయేలు. ఆ మాట తడబడకుండా వచ్చింది.

నరేందర్ శైలజ వైపు తిరిగాడు. "గార్డు దించొద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఇన్నేండ్లు నేర్చుకుంది గిదేనా?" ఆమెకు ఊపిరే సరిగా ఆడడం లేదు. అరవింద్ ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు. మరునాడు నరేందర్ పరీక్ష లిస్టులోంచి ఆమె పేరు తీసేశాడు. "మూడు నెలలకు మళ్ల ఉంటది. అప్పటిదాంక గార్డు సర్దుకో," అన్నాడు. ఆమె సరే సార్ అంది. ఇస్రాయేలు వెనక వరుసలో నిలబడి విన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరూ చెప్పకముందే బోరింగ్ దగ్గరికి పోయి నాలుగు బిందెలు నీళ్లు తెచ్చాడు. గిన్నెలు తోమాడు. సాయమ్మ గడప మీద కూర్చుని చూసింది.

"ఎవల్ని కొట్టినవ్?" అంది.

"ఏం మాటలే అవి?"

"పుణెల నన్ను కొట్టిన తెల్లారి నువ్వే నీళ్లు మోస్తుంటివి. నేను మర్సిపోలే."

అతను చెప్పాడు. కొట్టింది చెప్పాడు, కానీ అబద్ధం సంగతి చెప్పడానికి చాలాసేపు పట్టింది. సాయమ్మ తిట్టలేదు. "అయితే ఆ పిల్ల పరీక్ష పాయె," అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

శుక్రవారం సాయంత్రం ఒకరింట్లో ప్రార్థన కూటం. పాట అయ్యాక పాస్టర్ అలవాటుగా ఇస్రాయేలు వైపు చూశాడు. అతను లేచాడు. పుణె, సారా, పగిలిన సాయమ్మ గాజులు, అన్నీ వరుసగా నోటి దాకా వచ్చాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అతనికి తెలుసు. ఆడవాళ్ల వైపు నుంచి సాయమ్మ అతన్నే చూస్తోంది.

"ఇయ్యాల నాకు లేదు," అని కూర్చున్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని పక్కాయన మంచినీళ్లు అందించాడు.

శనివారం పొద్దున షెడ్డులో అందరూ వరుస కట్టాక, శైలజ పక్కన కూర్చుని చూస్తుండగా, ఇస్రాయేలు ముందుకొచ్చాడు.

"సార్, ఒక మాట. మంగళవారం శైలజ గార్డు దించలే. నేనే గట్టిగ కొట్టిన."

నరేందర్‌కు ఇబ్బందిగా ఉంది. తనకంటే పెద్దవాడు, అందరి ముందూ చెబుతున్నాడు. "రాళ్లు కొట్టిన చెయ్యి కదన్నా. అలవాటుల పోయుంటది. నువ్వు కావాలని కొడతవా ఏంది?" అన్నాడు.

వరుసలో ఒకరిద్దరు తలలూపారు. ఇస్రాయేలు కూడా ఊపితే అయిపోయేది. ఆదివారం చర్చిలో చెప్పుకోవడానికి కూడా బాగుండేది.

"చెయ్యి నా మాట వింటది సార్, రెండేండ్లాయె. అందరు నవ్విండ్రు. ఆడపిల్ల చేతిల గిట్లయితుందని కోపమొచ్చింది. చూసే కొట్టిన."

"మరి తప్పు ఆమె మీద ఎందుకు పెట్టినవ్?"

"సిగ్గయింది సార్."

నరేందర్ శైలజ వైపు తిరిగి, "నీ పేరు మళ్ల రాస్త. రేపు పొద్దుగాల బస్సుకు రా," అన్నాడు.

"ఎట్లొస్త సార్?" అంది శైలజ. "దగ్గితేనే పాణం పోతుంది. డాక్టర్ నెల దాంక ఆడొద్దన్నడు." తర్వాత ఇస్రాయేలు వైపు చూసింది. "దెబ్బ పోతది అన్నా. సార్ నన్ను తిడుతుంటె నా దిక్కు ఒక్కసారన్న చూస్తవనుకున్న. నువ్వు గ్లవ్స్ ఇప్పుకుంటున్నవ్."

"తప్పయింది బిడ్డా," అన్నాడు.

ఆమె షాపు తెరిచే వేళైందని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

శైలజ తిరిగి వచ్చేదాకా స్పారింగ్‌లో దిగొద్దన్నాడు నరేందర్. ఇస్రాయేలు ఒక్క రోజు కూడా మానలేదు. మానేస్తే సులువని అతనికి తెలుసు. మిగతావాళ్లు జంటలు కట్టినప్పుడు స్తంభం పక్కన ఒక్కడే అడుగులు సాధన చేసేవాడు. అరవింద్ అతనితో పరాచికాలు మానేశాడు. అన్నా అని పిలిచి మర్యాదగా టైం అడిగేవాడు. అది ఇస్రాయేలుకు మరీ కష్టంగా ఉండేది. చర్చిలో ఆరు వారాలు లేవలేదు. పక్క ఊరి కూటానికి రమ్మని పాస్టర్ పిలిస్తే పని ఉందన్నాడు.

ఏప్రిల్ మొదట్లో, యార్డుకు యాసంగి వడ్లు ఇంకా రాకముందు, శైలజ మళ్లీ వచ్చింది. నరేందర్ జంటలు కట్టమన్నాడు. ఇస్రాయేలు స్తంభం వైపు నడిచాడు.

"ఎక్కడికన్నా? గ్లవ్స్ ఏస్కో," అంది ఆమె వెనక నుంచి.

రెండు నిమిషాలు బాగానే సాగింది. అతను ఆమె భుజం మీద తాకించాడు, చెయ్యి వెంటనే వెనక్కి వచ్చింది. ఆమె వరసగా రెండుసార్లు తాకించింది. అవతల ఎవరో కొత్తగా చేరినవాడు పకపకా నవ్వాడు. ఎందుకు నవ్వాడో తెలియదు, వీళ్లను చూసి కాకపోవచ్చు. ఇస్రాయేలు చెవులు వేడెక్కాయి. భుజం బిగుసుకుంది.

అతను చేతులు దించి రెండు అడుగులు వెనక్కి వేశాడు.

"ఆగు బిడ్డా. నాకు కోపమొస్తుంది."

మిగతా జంటలు ఆగిపోయాయి. నలభై ఆరేళ్ల మనిషి, తను పరిచిన బండల మీదే నిలబడి, ఆ మాట అందరికీ వినపడేలా అన్నాడు. తల ఎత్తలేదు.

శైలజ ఉన్నచోటే ఉంది. కొంచెం సేపు చూసి, "పోయిందా?" అని అడిగింది.

"ఇంకా లేదు."

"సరే. పోనియ్యి," అంది. అక్కడే నిలబడింది.