మా గౌరికి మెడ నిలబడలేదు

గౌరికి మూడో నెల నడుస్తోంది. కంచరపాలెంలో మా ఇంటి పెరట్లో అత్తగారు కాళ్ళు చాపుకుని, పిల్లను వాటి మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోస్తున్నారు. దాని ముఖం ఆవిడ కాళ్ళ మధ్యకి జారిపోయింది. ఏ పిల్లయినా తల పక్కకి తిప్పుకుంటుంది. గౌరి తిప్పుకోలేదు. గబుక్కున ఎత్తుకున్నాను. పెదాలు నల్లబడ్డాయి.

"కంగారు పడకే. మెడ నెమ్మదిగా నిలబడతాదిలే" అన్నారు అత్తగారు.

మర్నాడే పిల్లల డాక్టరుకి చూపించాం. పుట్టగానే ఏడ్చిందా అని అడిగారు. లేదు, నర్సు చాలాసేపు తంటాలు పడ్డాక గానీ ఏడవలేదని చెప్పాను.

"మజిల్ టోన్ తక్కువుంది, కండరాలు బాగా వదులుగా ఉన్నాయి. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టండి. పాలు తాగిన వెంటనే వద్దు. మీరు పక్కనుంచి కదలొద్దు" అన్నారు.

నేల మీద బొంత పరిచి పడుకోబెట్టేదాన్ని. మూలిగేది తప్ప తల ఎత్తేది కాదు. మా ఆయన పోర్టులో డ్యూటీ దిగి, ఒంటి మీది దుమ్ము కడుక్కుని, పిల్లకి ఎదురుగా తనూ బోర్లా పడుకునేవారు.

"ఏటమ్మా, నాన్నని సూడవేటి? ఇటు సూడు" అని బతిమాలేవారు.

గౌరి తర్వాత పుట్టిన పక్కింటి పిల్లాడు బోర్లా పడ్డాడని వాళ్ళు బూరెలు పంపారు. నా వాటా అత్తగారికి ఇచ్చేశాను.

ఒక సాయంత్రం గౌరి గడ్డం బొంత మీంచి లేచింది. కళ్ళు వాళ్ళ నాన్న మీద నిలిచాయి. ఆయన ఏడ్చేశారు. ఆ వారంలోనే ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఆ కాస్త బలమూ పోయింది.

"సెరిబ్రల్ పాల్సీ. పుట్టినప్పుడు ఊపిరందక మెదడు దెబ్బతింది" అన్నారు అక్కడి పెద్ద డాక్టరు.

"నయమవుతాదా బాబూ?" అని మా ఆయన అడిగారు.

"నడుస్తుందని చెప్పలేను. ఎక్సర్‌సైజ్ మానితే మాత్రం కండరాలు బిగుసుకుపోతాయి."

తిరుగు బస్సులో ఆయన ఒక్క మాటే అన్నారు. "మనం పోయాక దీన్నెవులు సూత్తారే?" గౌరి తల జారకుండా భుజానికి ఆనించుకున్నాను.

గౌరికి ఇప్పుడు ఆరేళ్ళు. ఒళ్ళో ఆనించుకుంటే కాసేపు మెడ నిలుపుతుంది. నడవదు, మాట్లాడదు. అన్నం మెత్తగా పిసికి పెట్టాలి. ఒళ్ళు బిగుసుకోకుండా ఇప్పటికీ రోజూ బోర్లా పడుకోబెడుతున్నాను. ఆశ పెట్టుకోవడం మానేశాను.

తల్లులకి ఒక్కటే చెబుతాను. పసిబిడ్డను మెలకువగా ఉన్నప్పుడు రోజూ కాసేపు బోర్లా వేసి, పక్కనే కూర్చోండి. నాలుగో నెల వచ్చినా తల ఎత్తకపోతే ఇంట్లో అందరూ ధైర్యం చెబుతారు. వినండి. వింటూనే బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి బయల్దేరండి.