ఫిక్రీ బాబాయి ఆపని బాక్సు

"ఆపుతావా, కిటికీలోంచి విసిరెయ్యమంటావా?"

"విసిరెయ్యి. దాని వెనకే నన్నూ విసిరెయ్యి. ఆపడం మాత్రం కుదరదు."

మొదటి గొంతు నవాల్ పిన్నిది, రెండోది ఆమె మొగుడు ఫిక్రీ బాబాయిది. మెట్లెక్కుతుండగానే నాకు వినపడ్డాయి. షుబ్రా పేటలో మా మేడంతటికీ తెలిసిన సంగతి ఒకటుంది: ఫిక్రీ బాబాయి టీవీ ఆపుతాడు గానీ దాని కిందున్న సెట్‌టాప్ బాక్సు ఆపడు. నిద్రపోయినా ఆపడు. కూతురి పెళ్లికి అందరూ అలెగ్జాండ్రియా వెళితే, తాళం వేసిన ఇంట్లో ఆ బాక్సు మీద పచ్చదీపం ఒంటరిగా కాపలా కాసింది.

ఎందుకని అడిగితే, "పడుకున్న యంత్రం మళ్లీ లేస్తుందని నీకెవడు చెప్పాడు?" అంటాడు.

ఇంజనీరింగ్ రెండో ఏట మానేశాను కాబట్టి నేను సగం ఇంజనీర్నని మేడలో వాళ్ల నమ్మకం. అందుకే పిన్ని కబురు పెట్టింది.

తలుపు తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన. బాక్సు మీద అల్లిక గుడ్డ, దాని మీద ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ములుఖియా ఆకుకూర పొట్లం. మంచు కరిగి నీళ్లు అంచుదాకా వచ్చాయి. బాబాయి విసనకర్రతో విసురుతున్నాడు.

"జ్వరమే. తగ్గిపోతుంది," అన్నాడు.

"నీళ్లు లోపలికి దిగితే జ్వరం తగ్గడం కాదు బాబాయ్, పరదాలు అంటుకుంటాయి. తీగ పీకు."

"నడుస్తుండగానే బాగుచెయ్యి."

"నడిచే బస్సుకి టైరు మారుస్తారా?"

"చదువు పూర్తిచేసినవాడైతే మారుస్తాడు."

పొట్లం, గుడ్డ తీసి పారేశాను. గాలి ఆడాల్సిన కంతలన్నీ దుమ్ముతో పూడిపోయాయి. మూత మీద వేలు పెడితే చుర్రుమంది. అంతలో లోపల చిటుక్కుమని, సన్నగా పొగ లేచింది. బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని తీగ పీకేశాను.

ఆయన బాక్సు వైపు చూడలేదు. పైకప్పు వైపు చూశాడు.

వంటింటి కిటికీలోంచి పై అంతస్తు ఎన్సాఫ్ అక్క గొంతు దిగింది. "ఏమయ్యా ఫిక్రీ, మా ఆయన పెట్టిన డిష్ పాడైందా? తెర నల్లబడింది."

"పాడవలేదక్కా. గాలికి కాస్త తిరిగింది. తామెర్ పైకి వస్తున్నాడు."

తామెర్ అంటే నేనే. ఆ డిష్, వాళ్లాయన చనిపోయిన చలికాలంలోనే గాలివానకి ఊడి సందులో పడి నుజ్జయింది. మోకాళ్లు పట్టేసిన ఆమె డాబా ఎక్కి చూసింది లేదు. బాక్సు వెనక చూస్తే రెండో తీగ ఒకటి వంటింటి కిటికీ దాటి పైకి, ఎన్సాఫ్ అక్క ఇంట్లోకి పోతోంది. మేమంతా ఊపిరి బిగబట్టి ఫుట్‌బాల్ ఫైనల్ చూస్తుంటే బాబాయి వంకాయ వంటల కార్యక్రమం పెట్టి తన్నులు తినబోయింది ఎవరి కోసమో అప్పుడు తెలిసింది.

పిన్ని ఆ తీగని చూసింది, మొగుణ్ణి చూసింది. "ఆమెకే చెప్పొచ్చుగా?"

"చెబితే ఇవాళే తీగ కోసి కిందకి పారేస్తుంది. మనం పళ్లెం పంపితే రెట్టింపు నింపి తిప్పి పంపే మనిషి."

"నాకైనా చెబితే, దీన్ని గాలి తగిలే చోట పెట్టేదాన్ని కదా, మొద్దు మనిషీ." పిన్ని కిటికీ గట్టు మీదున్న జాడీలు తీసి చోటు చేసింది.

నేను మూత విప్పి దుమ్ము ఊడ్చాను. లోపల ఒక తీగ తొడుగు కరిగింది, అంతే. టేపు చుట్టాను. "బతుకుతుంది. కానీ అరగంట చల్లారాలి."

"అరగంటా?" బాబాయి మొహం పాలిపోయింది. "ఆమెది చివరి అంతస్తు. డాబా మీద చప్పుడు కాకపోతే కనిపెట్టేస్తుంది."

వెతికి వెతికి ఒక రెంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పైన ఏదో ఒక గొట్టం మీద కొడుతూ ఉండు నాయనా. మరీ గట్టిగా మాత్రం వద్దు. వాళ్లాయన తన చేత్తో బిగించిన డిష్ కదా అని కూర్చుని వింటూ ఉంటుంది."