కీబోర్డు మీద మూడో దీపం

కీబోర్డు మీద కుడివైపు పైన మూడు చిన్న ఆకుపచ్చ దీపాలుంటాయి. మొదటి రెండింటితో జనానికి ఏదో ఒక పని పడుతుంది. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నిజామాబాద్‌లో మా ఇంటి ముందు గదిలో, ఆ మూడో దీపం మీదే ఇంటిల్లిపాదీ ప్రాణం పెట్టుకుని బతికాం. ఇంటిల్లిపాదీ అంటే ఇద్దరమే, నేనూ, అవ్వ అని పిలుచుకునే మా అమ్మా.

ఆ గదిలో నేను డీటీపీ షాపు నడిపేదాన్ని. పెళ్లి పత్రికలు, అఫిడవిట్లు, చెరకు రైతుల అర్జీలు. అవ్వ గడప పక్కన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. అన్న బోధన్ దిక్కు చెరకు కాటాల దగ్గర పనిచేసేవాడు. ఆ పని ఏడాదిలో సగం రోజులే ఉంటుంది కాబట్టి దుబాయి పోయాడు. అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు నెట్ సెంటర్‌కు పోయి, తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టి నాకు మెయిల్ కొట్టేవాడు.

కరెంటు పోయినప్పుడు మానిటర్ కూడా నడిస్తే యూపీఎస్ పది నిమిషాలు ఆగేది కాదు. అందుకని పని లేనప్పుడు మానిటర్ కట్టేసేదాన్ని. కట్టేస్తే మెయిల్ వచ్చిందీ లేనిదీ తెలియదు. నాకేమో నిలకడ తక్కువ. మళ్లీ ఆన్ చెయ్యడం, చూడడం, కట్టెయ్యడం. చివరికి నా మీద నాకే విసుగు పుట్టి, వచ్చిన కాస్త విద్యతో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. గంటకోసారి అది తనంతట తానే ఫోన్ లైను కలుపుకుని చూస్తుంది. అన్న మెయిల్ ఉంటే మూడో దీపం ఆరుతూ వెలుగుతూ కాసేపు కొట్టుకుని, వెలిగి నిలిచిపోతుంది. అది పనిచేసిన రోజు జిల్లాలో నాకంటే తెలివైనది లేదనుకున్నాను.

అవ్వకు చదువు రాదు. దీపం చూపించి, ఇది వెలిగితే అన్న రాసినట్టు అని చెప్పాను. ఆమె చాట జరుపుకుని, దీపం కనబడేటట్టు కూర్చుంది. ఆ తర్వాత ఆ చోటు మారలేదు.

బీడీలు చుట్టేటప్పుడు అవ్వ కళ్లు చేతుల మీద ఉండేవి కావు. చేతులు వాటంతట అవే ఆకు మలిచేవి, పొగాకు జర్ద పోసేవి, దారం చుట్టేవి. వాకిట్లో పోయేవాళ్లతో ముచ్చట పెడుతూనే ఇరవై ఐదు కాగానే కట్ట కట్టేది. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. పెదవి కదిపి లెక్కపెట్టడం నేనెన్నడూ చూడలేదు.

ఒక శుక్రవారం అన్న, కంపెనీ మారుతున్నానని రాశాడు. తరువాతి శుక్రవారం దీపం వెలగలేదు. ఆ పై వారమూ లేదు. పాత గది నంబరుకు ఫోన్ చేస్తే, ఖాళీ చేసి పోయాడన్నారు, ఎక్కడికో తెలియదన్నారు. నేను కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. పెళ్లి పత్రికలో పిల్ల పేరు తప్పు కొట్టి వాళ్లతో మాటలు పడ్డాను. బీడీల కార్ఖానాలో అవ్వ బీడీలు బాగా లేవని తీసి పక్కన పడేయడం మొదలైంది. అన్నేళ్లలో అది ఎప్పుడూ జరగలేదు. నాకు భయం వేసింది.

అయిదో శుక్రవారం, ఏదో టైపు చేస్తున్నట్టు కూర్చుని, ఆ మూడో దీపానికి మీట అయిన స్క్రోల్ లాక్ నొక్కాను. దీపం వెలిగింది. మానిటర్ ఆన్ చేసి, లేని ఉత్తరం చదివాను. కొత్త కంపెనీ మంచిదట, గది చల్లగా ఉందట, అన్నం వండేవాడు మనవైపు మనిషేనట. అవ్వ విని తలూపింది. కొడుకు ఏం కూర తింటున్నాడని అడిగింది. పచ్చిపులుసు అన్నాను. అన్నకు పచ్చిపులుసంటే ప్రాణం.

అట్లా మూడు శుక్రవారాలు. చివరికి అన్నకంటే నేనే బాగా రాయసాగాను. సిగ్గేసేది, అయినా చదివిన సాయంత్రం కాస్త కుదురుగా కూర్చోగలిగేదాన్ని. నా అబద్ధం నాకే మందులా పనిచేసింది.

ఆ పై శుక్రవారం మధ్యాహ్నం నేను వెనక గదిలో అన్నం తింటున్నాను. ముందు గదిలోంచి అవ్వ పిలిచింది.

"లే బిడ్డా, అన్న రాసిండు."

నేనేమీ నొక్కలేదు. ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. దీపం వెలిగి ఉంది. కీబోర్డు తుడిచినవా, దేనికన్నా చెయ్యి తాకిందా అని కసిరినట్టే అడిగాను.

అవ్వ చేతులు ఆగలేదు. "నేనెందుకు ముట్టుకుంట? వాడు రాస్తే మూడుసార్లు కొట్టుకుంటది, అటెన్క నిలవడ్తది. నువ్వు ఒత్తితే ఒక్కపారే ఎలుగుతది."

ప్రోగ్రాంలో మూడు అని రాసింది నేనే. రాసి మరిచిపోయాను. ఇరవై ఐదు బీడీల్ని చూడకుండా లెక్కపెట్టే మనిషిని ముందు కూర్చోబెట్టుకుని మరిచిపోయాను.

మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"నువ్వు ఇంట్ల కూసుంటలేవు, నిలవడ్తలేవు. గట్లనన్న జర నిమ్మలమైతవని ఊకున్న."

ఎడమచేత్తో మానిటర్ ఆన్ చేశాను. నిజంగానే అన్న. కొత్త కంపెనీ పని ఇవ్వలేదట. పాస్‌పోర్టు పాత సేటు దగ్గరే ఉందట. నెలన్నర ఎవరి గదిలోనో తలదాచుకుని, మొన్ననే గోదాంలో మూటలు మోసే పని పట్టుకున్నాడట. కింద ఇంకో మాట: అవ్వకు చెప్పకు చెల్లె, మంచిగున్నడని చదువు.

మనిషి ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అలవాటు కొద్దీ నోట్లోకి చల్లని గదీ, పచ్చిపులుసూ వచ్చేశాయి.

అవ్వ చాట దించి పక్కన పెట్టింది. పని మధ్యలో ఆమె చాట దించడం అరుదు.

"గీసారి వాడు రాసిందే సదువు బిడ్డా."

చదివాను. అవ్వకు చెప్పకు అన్న మాటతో సహా చదివాను.